నడిమి గుంతలో బొడ్డు

నేను ఒక గుంతపొంగణాల పెనాన్ని. నాకు ఏడు గుంతలు. చుట్టూ ఆరు, నడుమ ఒకటి. అటొకటి ఇటొకటి చెవుల్లాంటి పిడులు. తక్కెట్లో పెడితే రెండున్నర కిలోలు తూగుతాను. ఈ తూకం సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా ఒక తూకం గురించే.

నాలాంటి వస్తువుల కథలు తుక్కుకుప్పలో ముగుస్తాయంటారు. నాది అక్కడే మొదలైంది. విరిగిపోయిన బోరింగు పిడి, పగిలిన తూకపురాయి, ఎవరో దర్జీ తొక్కి తొక్కి అరగదీసిన కుట్టుమిషను కాళ్లు, ఇవన్నీ ఒక కుప్పగా పడి ఉండేవి. ఆ కుప్పే నేను. పోత కార్ఖానాలో మమ్మల్ని కరిగించి, ఎర్రటి నీళ్లలా చేసి, ఇసుక అచ్చులో పోశారు. నీళ్లు తోడిన ఇనుము, బియ్యం తూచిన ఇనుము, రవికెలు కుట్టిన ఇనుము ఒకటైపోయి, చల్లారేసరికి వంటింటి వస్తువుగా లేచింది. ఇన్నేళ్లయినా ఆ ఆశ్చర్యం నాకింకా తీరలేదు.

అచ్చులో ఒక చిన్న పొరపాటు జరిగింది. నడిమి గుంత కోసం చేసిన ఇసుక గుబ్బ కొసన చిటికెడు ఇసుక రాలిపోయింది. ఆ ఖాళీలోకి కూడా ఇనుము పోయింది. దాంతో నా నడిమి గుంత అడుగున పెసరగింజంత మొటిమ లేచింది.

నన్ను ఇసుకలోంచి తీసిన పనివాడు వేలితో తడిమి, "దీనికి మొటిమ లేచింది, మళ్లా కరిగిద్దామా?" అన్నాడు.

"పొంగణాలకేం పెళ్లిచూపులా? పోనియ్" అన్నాడు పక్కనున్నవాడు.

అట్లా బతికిపోయాను.

హిందూపురం సంతలో నన్ను కొన్నది హనుమక్క. అప్పటికి ఆమెకు ముప్పై దాటి ఉంటాయి. వేలి కణుపుతో నా వీపు మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని మోత విన్నది. కడుపులోకి మాత్రం తొంగి చూడలేదు. మనుషులు గుమ్మడికాయను అట్లాగే కొంటారు, పెళ్లిసంబంధాన్నీ అట్లాగే చూస్తారని తర్వాత తెలిసింది.

హనుమక్క పట్టుగూళ్ల మార్కెట్టు ముందు పొంగణాలు పోసి అమ్మేది. చుట్టుపక్కల ఊళ్ల రైతులు తెల్లారేసరికి గూళ్ల మూటలతో దిగేవాళ్లు. గూడు ఆగదు. ఒక రోజు ఆలస్యమైతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి చీల్చుకుని బయటికొస్తుంది, పట్టంతా పాడు. అందుకే ఆ మనుషులకు కూర్చుని తినే తీరిక ఉండదు. ఒక చెయ్యి మూట మీద, ఒక చెయ్యి విస్తరాకు మీద. ఆకులో ఆరు పొంగణాలు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. నిలబడి నాలుగు నిమిషాల్లో తిని వేలంపాటకు పరిగెత్తేవాళ్లు. మధ్యాహ్నం దాకా మళ్లీ ఆకలి అనేవాళ్లు కాదు. గరిటెడు పిండి ఒక మనిషిని సగం రోజు నిలబెడుతుంది. నేను ఇనుమును, అంత బలం నాలో లేదు. ఆ పిండిలో ఏముందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

మొదటి రోజే ఒక రైతు నడిమి గుంతలోని పొంగణాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. మొటిమ ఒత్తుకుని దాని పొట్ట మీద చిన్న గుంట పడింది.

"ఏమక్కా, దీన్ని పురుగు తొలిచినట్టుండాదే? పట్టుపురుగేనా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

"నీ గూళ్లలో పురుగులు సరిగా ఉండాయో లేదో చూసుకో పోన్నా" అని హనుమక్క కూడా నవ్వింది. కానీ ఆ రోజు నుంచి నడిమి పొంగణాన్ని ఏ ఆకులోనూ పెట్టలేదు. పోసిన ప్రతి వాయిలో ఆరు జనానికి, ఆ ఒకటి పక్కన గిన్నెలోకి. మార్కెట్టు సద్దుమణిగాక ఆ గిన్నె ఒళ్లో పెట్టుకుని, చల్లారిపోయినవన్నీ తినేది. అదే ఆమె పొద్దుటి తిండి. ఏళ్లకేళ్లు అంతే. చక్కగా గుండ్రంగా వచ్చిన పొంగణం ఒక్కటి కూడా తను నోట్లో వేసుకోవడం నేను చూడలేదు. ఎవరూ అట్లా చెయ్యమనలేదు. చేసే చేతికి సొట్టదే దక్కాలని ఆడవాళ్లకు ఎవరు నేర్పిస్తారో గానీ, నేర్చుకోని వాళ్లను నేనెక్కడా చూడలేదు.

ముప్పై ఏళ్లకు హనుమక్క మోకాళ్లు అరిగిపోయాయి. కొడుకు రోడ్డు మీద కూర్చోవద్దన్నాడు. ఇంట్లోకి అంటుకోని నల్ల పెనమొకటి వచ్చింది. నన్ను మిద్దె గోడ మీద పెట్టి, ఏడు గుంతల్లో నీళ్లు పోశారు, పిచ్చుకల కోసం. అది తక్కువ ఉద్యోగమేం కాదు. పిచ్చుక నీళ్లు తాగి తల పైకెత్తినప్పుడు దాని గొంతులో నీటిబొట్టు జారడం కనిపిస్తుంది. అంత చిన్న గొంతు, అంత చిన్న దాహం. నిప్పు మీద బతికిన దాన్ని, నీళ్ల గొప్పతనం అక్కడే తెలుసుకున్నాను. తుప్పు పట్టానంటే, పట్టాను.

హనుమక్క ఇంటి వరసలోనే ఒక గదిలోకి భాగ్య అద్దెకు వచ్చింది. ఇరవై మూడేళ్లు ఉంటాయి. బట్టల కంపెనీలో కాలర్లు కుట్టే పని. మొగుడు బెంగళూరులో సెంట్రింగు పనిలో ఉంటాడు, నెలకు రెండు ఆదివారాలు వస్తాడు. కూతురు తన్వికి నాలుగేళ్లు కావొస్తున్నాయి. పొద్దున ఏడుకు వీధి చివర కంపెనీ వ్యాను హారన్ కొడుతుంది. ఆ లోపల ఈమె లేచి, వండి, పాపకు తినిపించి, అంగన్‌వాడీ తెరిచేదాకా ఆ పాపను హనుమక్క దగ్గర వదిలి పరిగెత్తాలి. పాప తినదు. ఇడ్లీ పెడితే బుగ్గన పెట్టుకుంటుంది, ఉప్మా పెడితే ఆవాలు ఏరుతుంది, పాలు తాగిస్తే గడప దగ్గర కక్కేస్తుంది.

ఒకరోజు భాగ్య నీళ్ల బిందెతో మిద్దె మీదికి వచ్చి, గోడకు చేరగిలబడి ఏడ్చింది. హనుమక్క అక్కడే బట్టలు ఆరేస్తోంది. చీర అంచు విదిలించి తీగ మీద వేసింది. అడగకుండానే భాగ్య చెప్పింది.

"పాప తూకం పదికిలోల నాలుగొందలు ఉండాదంట అవ్వా. అంగన్‌వాడీ కార్డులో ఎరుపులో చుక్క పెట్టినారు. రెండు నెల్లలో పైకి రాకపోతే పెద్దాసుపత్రికి రాస్తామంటాండారు. ఆడ పద్నాలుగు దినాలు బిడ్డతోనే నేనూ ఉండాలంట. పద్నాలుగు దినాలు పోకపోతే కంపెనీలో నా మిషను మీద ఇంగొకరు కూర్చుంటారు."

"పొద్దన్నే ఏం తింటాది?"

"నన్ను తింటాది."

హనుమక్క నవ్వు ఆపుకుంది. తర్వాత నా గుంతల్లోని నీళ్లు గోడ అవతలికి వంపేసి, నన్ను చంకన పెట్టుకుంది. పిచ్చుకలకు వేరే చిప్ప పెట్టించింది లెండి.

చింతపండు, బూడిద పెట్టి నా తుప్పు వదిలించారు. నూనె రాసి కాల్చి, సగం ఉల్లిగడ్డతో రుద్ది, మళ్లీ నూనె రాశారు. మూడు రోజులకు నా నలుపు నాకొచ్చింది. "దీనికి సబ్బు తగిలించద్దు, గుడ్డతో తుడువు చాలు. ఆ నడిమి గుంతదానికి సొట్ట పడుతుంది, అది నువ్వు తిను" అని చెప్పి అప్పగించింది హనుమక్క.

భాగ్య పొద్దున పనికి పోయే ముందు బియ్యం, మినపప్పు, మెంతులు నానవేసేది. సాయంత్రం వచ్చి రుబ్బి, రాగిపిండి కలిపి మూతపెట్టేది. పొద్దునకు ఆ పిండి గిన్నె అంచు దాకా పొంగి ఉండేది. ఎవరూ తట్టి లేపకుండా, మంట లేకుండా, చీకట్లో తనంతట తనే పెరిగే పిండిని చూస్తే నాకు భయంతో కూడిన భక్తి. అందులో తరిగిన మునగాకు, తురిమిన క్యారెట్టు, ఉంటే ఒక గుడ్డు కొట్టి కలిపేది. నేను పొయ్యి మీద వేడెక్కేలోపు తల దువ్వుకునేది. ఏడు గుంతల్లో ఏడు చుక్కల నూనె, ఏడు గరిటెల పిండి, మూత. పుల్లతో తిప్పి, ఇంకో పక్క కాల్చి, అన్నీ కలిపి ఏడెనిమిది నిమిషాలు.

మొదటి రోజు తన్వి ముందు పళ్లెం పెట్టింది. పాప పొంగణాలను ఒక్కొక్కటే ఎత్తి అటూ ఇటూ తిప్పింది. నడిమిది చేతికి రాగానే ఆగింది. దాని గుంటలో వేలు పెట్టింది. గౌను పైకెత్తి తన పొట్ట చూసుకుంది.

"మా, దీనికి బొడ్డుండాది."

భాగ్య తిరిగి చూసింది. జడలో రిబ్బను సగం కట్టి ఉంది.

"దీనికి బొడ్డుండాది మా. నాకు మాదిరి." అని, ఆ బొడ్డు చుట్టూ కొరుక్కుంటూ, చివరికి బొడ్డుతో సహా తినేసింది.

ముప్పై ఏళ్లుగా నేను సిగ్గుపడిన చోటును ఒక పిల్ల వెతుక్కుని మరీ ముద్దుచేసింది. ఆ పొద్దున నా ఇనుము ఎట్లా ఉందో చెప్పడానికి నాకు మాట చాలదు.

చిక్కేమిటంటే తన్వి బొడ్డున్నదే తింటుంది. మిగతా ఆరూ ముట్టదు. ఒక వాయికి ఒక్క బొడ్డే. భాగ్య అరగంట ముందు లేవడం మొదలుపెట్టింది. మూడు వాయిలు, నాలుగు వాయిలు. బొడ్డువి పాపకు, మిగిలినవి తన డబ్బాలోకి, వ్యానులో తోటివాళ్లకు. బొడ్డు గుంటలో కాస్త నెయ్యి, చెనిక్కాయల పొడి, బెల్లంపొడి వేస్తే అదీ పోయేది కడుపులోకి. భాగ్య ఆ తూకం కార్డును పొయ్యి పైన గోడకు మేకు కొట్టి తగిలించింది. కింద ఎరుపు, మధ్యన పసుపు, పైన ఆకుపచ్చ. రోజూ మంట తగ్గించి దాని మీద వేలు పెట్టి, పెదాలు కదిలిస్తూ చదివేది. అంకెలు మారవని తెలిసీ చదివేది. నెల తిరిగేసరికి పదికిలోల ఏడొందలు. చుక్క ఎరుపు పై అంచుకు వచ్చింది. ఇంకొక్క నెల.

అప్పుడు హనుమక్క ఒక మంచిపని చేసింది.

ఆమెకు బొడ్డు సంగతి తెలియదు. భాగ్య చెప్పలేదు, చెప్పే తీరిక లేదు. వాయి మీద వాయి పోస్తూ భాగ్య అలసిపోవడం మాత్రం ఆమెకు కనిపించింది. పాపం ఈ పిల్ల కూడా తనలాగే సొట్టవి తింటోందనుకుంది. ఒక ఆదివారం, "పెనం ఒక పూట ఇయ్యిమే" అని తీసుకుపోయింది. మోకాళ్లు పట్టుకుని, ఆగి ఆగి నడిచి, లేతు మిషను షాపుకు పోయింది. తిరిగే రాయి నా నడిమి గుంతలో దిగింది. నిప్పురవ్వలు లేచాయి, మొటిమ అరిగిపోయింది. నేను అరవలేను. అరవగలిగినా ఆమె ముఖం చూసి అరిచేదాన్ని కాదు. ముప్పై ఏళ్ల పంతం నెగ్గినట్టు ఉంది ఆ ముఖం.

మా వైపు తీసుకున్న పాత్రను ఖాళీగా తిరిగివ్వరు. అందుకని నడిమి గుంతలో ఒక బెల్లం ముక్క పెట్టి, నన్ను భాగ్య వంటగట్టు మీద పెట్టి వెళ్లింది. ఆ బెల్లమే మచ్చను కప్పేసింది.

సోమవారం పొద్దున భాగ్య వాయి పోసి తిప్పింది. ఏడూ నున్నగా ఉన్నాయి. గుంత తడిమి చూసింది. గోడ మీద కార్డు చూసింది. తూకానికి పదకొండు రోజులున్నాయి.

తన్వి ఏడు పొంగణాలనూ తిప్పి చూసి, పళ్లెం తోసేసింది. మంగళవారం కూడా అంతే. బుధవారం భాగ్య గరిటె కాడతో అన్నిటికీ గుంటలు పొడిచి పెట్టింది. పాప ఒకదాన్ని ఎత్తి చూసింది.

"ఇది బొడ్డు కాదు మా. నువ్వు పొడిచినావు."

నాలుగేళ్ల పిల్లను మోసం చేయడం ఎవరి తరం. భాగ్య ఆ గరిటెతోనే పాపను కొట్టబోయి, గట్టు మీద కొట్టింది. పాపను కాకుండా గట్టును కొట్టినందుకు ఆ చేతికి నేను దణ్ణం పెట్టాను. ముసలామెను ఒక్క మాట అనలేదు. "అవ్వ మంచికే చేసింది, మంచికే చేసింది" అని తనకు తనే చెప్పుకుంటూ జడ వేసుకుంది. వ్యాను హారన్ రెండుసార్లు మోగింది.

గురువారం హనుమక్క పొద్దున్నే వచ్చింది. మూడు రోజులుగా పాప తన దగ్గర తల వేలాడేసి కూర్చుంటోందని, భాగ్య ఏం పెడుతోందో చూద్దామని వచ్చింది. పళ్లెంలో పొంగణాలు అట్లాగే ఉన్నాయి.

"ఏంటికి తినవు పాపా? ఎంత నున్నగా వచ్చినాయి చూడు."

"బొడ్డు లేదు."

"ఏం బొడ్డు?"

భాగ్య పొయ్యి వైపు తిరిగి ఉంది. "నడిమి గుంతదానికి ఉండె కదవ్వా, అది. దాన్నే తింటాండె. అది ఉంటేనే తింటాండె."

మొదటి వాయి తీశాక గట్టు మీద ఆరుతున్న నన్ను హనుమక్క దగ్గరికి జరుపుకుంది. కొంగుతో నా నడిమి గుంతను తుడిచింది. మొటిమ ఉన్న చోట వేలు పెట్టి, అది మళ్లీ మొలుస్తుందేమో అన్నట్టు ఒత్తింది. తర్వాత గోడ పట్టుకుని, మోకాళ్లు ఒక్కొక్కటే మడిచి, పాప ముందు నేల మీద కూర్చుంది. కింద కూర్చుంటే మళ్లీ లేవడం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు.

"ఆ బొడ్డు నేనే తీపిచ్చినా పాపా."

"ఏంటికి?"

"నాకు తెల్దు. సొట్ట అనుకున్యా." పాపను దగ్గరికి లాక్కుని, "నీ బొడ్డు ఎవరు పెట్టినారు?" అని అడిగింది.

తన్వి గౌను ఎత్తి చూసుకుంది. తల్లి వైపు చూసింది. "మా."

"అంతే కదా. బొడ్డు పెట్టేది అమ్మే. గరిటె కాదు, పెనమూ కాదు. వీటికి అమ్మ యాడుంది? అమ్మ లేక ఇట్ల బోడిగా పడుండాయి." పళ్లెం పాప ఒళ్లో పెట్టింది. "నువ్వు అమ్మవైతే పెట్టు. కాకుంటే చెప్పు, ఇంగెవరినన్నా పిలుస్తా."

పాప ఆలోచించింది. ఆ ఆలోచనంత సేపు భాగ్య వెనక్కి తిరగలేదు. ఈలోపు నన్ను మళ్లీ మంట మీద పెట్టి పోసిన రెండో వాయి మాడుతోంది, దాన్నీ తీయలేదు. నాకు మాడు వాసన తెలుస్తూనే ఉంది.

తన్వి చూపుడువేలు గోరువెచ్చని పొంగణం పొట్టలో దిగింది. పైపొర చిట్లి, వేలి కొస అంత గుంట పడింది. రెండోదానికి పెట్టింది. మూడోదానికి పెట్టింది. ఏడింటికీ పెట్టి, వేలు నాకి, "నాకు ఏడుమంది పిల్లోళ్లు" అంది.

"అమ్మో, ఏడుమందా? నీ సంసారం పెద్దదే" అంది హనుమక్క. "ఇంగ తిను."

"పిల్లోళ్లను తింటారా అవ్వా?"

ముప్పై ఏళ్లు రైతుల ఎగతాళికి తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి, నాలుగేళ్ల పిల్ల ముందు తడబడింది. "నువ్వు యాడ నుంచి వచ్చినావు? మీయమ్మ కడుపులో నుంచే కదా. వీటికి నిద్రొస్తాంది. మళ్ల అమ్మ కడుపులోకే పోయి పండుకుంటాయి. పండుకోనీ."

పాప ఒకదాన్ని తినింది. పొట్ట మీద చెయ్యి పెట్టి, "పండుకునింది" అని తగ్గు గొంతుతో చెప్పింది. రెండోది తినింది. నాలుగోదాని దగ్గర భాగ్య పొయ్యి ఆపి, మాడిన వాయిని అలాగే డబ్బాలో వేసుకుని, చెప్పులు చేతపట్టుకుని వ్యాను కోసం పరిగెత్తింది. వీధి చివరిదాకా వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పోయింది.

ఆ తర్వాత వాయి మీద వాయి అక్కరలేకపోయింది. ఒక్క వాయి, ఏడుగురు పిల్లలు. కొన్నాళ్లు నలుగురు పడుకునేవాళ్లు, కొన్నాళ్లు ఐదుగురు. మునగాకు కనబడితే "వీడికి గడ్డం వచ్చింది" అనేది తన్వి, గడ్డంతో సహా తినేది.

తూకం రోజు భాగ్య గోడ మీది కార్డు తీసుకుని, పాపనెత్తుకుని వెళ్లింది. ఆమె తిరిగొచ్చేదాకా నేను చల్లటి పొయ్యి మీద ఉన్నాను. కొలిమిలో కరిగినప్పుడు కూడా నాకంత పొద్దు గడవనట్టు అనిపించలేదు. వచ్చింది. మాట్లాడకుండా కార్డును మళ్లీ మేకుకు తగిలించింది. చుక్క పసుపులో ఉంది. ఎరుపు అంచు మీద కాదు, దాటి. పదకొండు కిలోల వంద. భాగ్య దాని మీద వేలు పెట్టి, పెదాలు కదిలిస్తూ మూడుసార్లు చదివింది. ఆకుపచ్చ ఇంకా చాలా పైన ఉంది. అయినా ఆసుపత్రికి రాయలేదు, మిషను మీద ఇంకొకరు కూర్చోలేదు.

నేను ఆ చుక్కను చూస్తూనే ఉన్నాను. నన్ను ఎంత పోశారో ఇప్పటికీ అంతే ఉన్నాను, ఆ పెసరగింజంత తగ్గాను కూడా. నిప్పు నాలోంచి ముప్పై ఏళ్లు పోయింది, నేను ఒక్క తులం పెరగలేదు. ఆ పిల్ల మాత్రం ఆకులు, పిండి, బెల్లం తిని, వాటిని వేళ్లుగా, బుగ్గలుగా, జుట్టుగా చేసుకుంది. ఎవరూ నేర్పకుండానే. ఇంత పెద్ద పని రోజూ ప్రతి ఇంట్లో జరుగుతూ ఉంటే, మనుషులు దాన్ని టిఫిను అంటారు.

మరుసటి రోజు పొద్దున హనుమక్క గడప దగ్గర కూర్చుని ఉంది. తన్వి పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఆరింటికి బొడ్లు పెట్టింది. ఏడోదాన్ని, నడిమి గుంతలో కాలినదాన్ని, రెండు చేతులతో తీసుకుపోయి అవ్వ చేతిలో పెట్టింది.

"ఇది నీకు. దీన్ని నేను పొడవలేదు."

హనుమక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, మార్కెట్టు ముందు ఆ రైతు చూసినట్టే. ఎక్కడా గుంట లేదు. గుండ్రంగా, ఎర్రగా, వేడిగా ఉంది.

"ఇన్నేండ్లు పోసినా గానీ," అంది, "ఇది ఇట్లుంటుందని తెల్దు నాకు."

వీధి చివర వ్యాను హారన్ మోగింది. భాగ్య నన్ను గుడ్డతో తుడిచి, చెప్పులేసుకుని పోయింది. హనుమక్క మాత్రం ఆ ఒక్క పొంగణాన్ని చాలాసేపు తింది.